కూమ్ కారులో ఎర్ర ఆయిల్

ఆ కొండపల్లెలో వుకొమాన్‌ను పేరు పెట్టి పిలిచేది ఆయన భార్య దెసాన్కా, చర్చి గురువు మాత్రమే. తక్కిన అందరికీ ఆయన మేస్త్రి. ఆ పిలుపు ఊరికే రాలేదు. కింద చాచక్ పట్నంలో బస్సు డిపోకి ముప్పై ఏళ్ళు పెద్ద మేస్త్రిగా చేశాడు. మంచు నడుముదాకా పడిన ఏడాది, కనుమలో ఆగిపోయిన బస్సు గేర్‌బాక్సును రోడ్డు మీదే దించి, విప్పి, బిగించి, ప్రయాణికులు తెచ్చుకున్న రొట్టె అయిపోకముందే బస్సును ఊరు చేర్చాడు. పిండిమిల్లు ఇంజను ఎవరి చేతికీ లొంగనప్పుడు చెక్కముక్క ఒకటి దానికి ఆనించి, చెవి పెట్టి విని, ఏ బేరింగు పోయిందో చెప్పాడు. చదివింది పల్లె బడిలోనే. అయితేనేం, బండి కింద నిలబడి పనిచెయ్యడానికి పెరట్లో తన చేతులతో తవ్వి, సిమెంటు పూసి, చెక్కలు పరిచిన రిపేరు గుంట ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మొదటి గుంట. చలికాలంలో అందులో దెసాన్కా పులియబెట్టిన క్యాబేజీ పీపా పెట్టుకునేది. పని తగిలితే మాత్రం పీపా బయటికి, మేస్త్రి లోపలికి.

అలాంటి మనిషి కంట్లో నలుసులా పడ్డాడు స్రెచ్కో.

స్రెచ్కో పక్కింటివాడే. పాతికేళ్ళు ఆస్ట్రియాలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి, పెన్షను తీసుకుని, తనంతట తాను గేర్లు మార్చుకునే కారు ఒకటి వేసుకుని దిగాడు. "ఎడమ కాలికి పనిలేని కారట! ఆ కాలు ఇంట్లో వదిలేసి రమ్మనండి" అని వుకొమాన్ కొట్టు దగ్గర నలుగురినీ నవ్వించాడు. ఆ నవ్వు వసంతం దాకే నిలిచింది. ఒకరోజు స్రెచ్కో తన వాకిట్లోనే కారును దిమ్మల మీదకెక్కించి, గేర్‌బాక్సులో పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయడం మొదలుపెట్టాడు. ద్రాక్షపందిరి కింద ఊరు ఊరంతా చేరింది.

వుకొమాన్ కంచె ఇవతల రేగుచెట్టుకు కొమ్మలు కత్తిరిస్తున్నట్టు నిలబడి చూశాడు. కత్తిరించాల్సినవి మూడే కొమ్మలు. చెట్టు సగం బోడి అయింది.

ఏముంది అక్కడ చూడ్డానికి? కింద అట్టలు పరిచాడు. మెడనుంచి మడమదాకా ఒకే ముక్కగా కుట్టిన నీలం దుస్తులు. పొడుగు మెడ గరాటా ఒకటి, కొంగ మెడలాగా. నల్లగా కారిన ఆయిల్‌ను ఖాళీ వైను డబ్బాలలో పట్టి, ఎంత దిగిందో అంతే కొత్తది కొలిచి పోస్తున్నాడు. కొత్త ఆయిల్ ఎర్రగా, దానిమ్మరసంలా మెరిసింది. "అబ్బ, తాగేయాలనిపిస్తోంది!" అని ఎవరో అంటే నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో ఎవడో, ఏమీ ఆలోచించకుండా అన్న మాట కంచె దాటి వచ్చింది.

"భలే చెయ్యి నీది, మేస్త్రీ!"

వుకొమాన్ తల తిప్పాడు, పిలిచింది తననేమోనని. తనను కాదు.

ఆ రాత్రి బీన్సు పులుసు ముందు పెట్టి దెసాన్కా మాటవరసకు అంది: "వాకిట్లో ఒక్క చుక్క పడనియ్యలేదు చూశావా? మన గచ్చు మీద నువ్వు చేసిన మరకలు మన పెళ్ళినాటివి ఇంకా ఉన్నాయి."

"మరక పడనివాడు పని చెయ్యలేదన్నమాట" అని పళ్ళెం పక్కకు నెట్టి లేచాడు.

లోపల రగులుతున్న ఆ మంటకు కట్టెలు వేసినవాడు మిలొవాన్. మిలొవాన్ పెళ్ళికి సాక్షిగా నిలబడింది వుకొమాన్, అతని కూతురికి జ్ఞానస్నానం చేయించిందీ వుకొమానే. ఆ నాటినుంచి ఇద్దరూ ఒకరికొకరు కూమ్. కూమ్ అంటే తోడబుట్టినవాడికంటే ఒక మెట్టు పైన. అలాంటి మిలొవాన్ జర్మనీనుంచి ఒక పాత కారు తెప్పించుకున్నాడు. అదీ ఎడమ కాలికి పనిలేనిదే. రెండో గేరుకు వెళ్ళేటప్పుడు వెనకనుంచి తన్నినట్టు కుదుపుతోందట. ఆయిల్ మార్పించడానికి శనివారం స్రెచ్కో దగ్గరికి తీసుకెళ్తాడట.

కొట్టులో ఈ మాట చెవిన పడగానే వుకొమాన్ కొన్న ఉప్పు అక్కడే మర్చిపోయి మిలొవాన్ ఇంటికి నడిచాడు.

"ఏం కూమా, నేను చచ్చిపోయానని ఎవరైనా చెప్పారా నీకు?"

"దేవుడు కాపాడాలి! ఏమైంది కూమా?"

"నా కూమ్ కారు మీద పరాయివాడి చెయ్యి పడితే నేను చచ్చినట్టు కాదా?"

"అది కాదు కూమా. ఇది బస్సు గేర్‌బాక్సు కాదు కదా, అతను ఈమధ్యే ఒకటి చేశాడు కదా అని…"

"బస్సు ఏనుగు. ఇది పిల్లి. ఏనుగుకు వైద్యం చేసినవాడు పిల్లిని చూసి పారిపోతాడా? శనివారం నా గుంట మీదికి తోలుకురా."

మిలొవాన్‌కు ఎదురుచెప్పే అలవాటు లేదు. తోలుకొచ్చాడు.

పని బాగానే జరిగింది. గేర్‌బాక్సు అడుగున్న రేకుతట్ట విప్పి, అందులోని అయస్కాంతాలకు పట్టిన బూడిదరంగు గుజ్జు తుడిచాడు. కొత్త ఫిల్టరు వేసి, తట్ట బోల్టులు ఎదురెదురుగా బిగించుకొచ్చాడు. ఆయిల్ చల్లబరచే గొట్టం ఊడదీసి, ఇంజను కాసేపు నడిపి, లోపల మిగిలిన నల్లదంతా బయటికి తోలించాడు. కొత్తది పోసి మళ్ళీ నడిపించి, గొట్టంలోంచి ఎర్రగా వచ్చేదాకా కడిగాడు. అంతవరకు డిపోలో ఎవరూ వంక పెట్టలేని పని.

దిగిన ఆయిల్‌ను మాత్రం కొలవలేదు. వుకొమాన్ జన్మలో కొలిచి పోయలేదు. కడ్డీ ముంచి చూసి పోస్తాడు. ఇంజను ఆపి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి, చొక్కా అంచుకు తుడిచి, ముంచి, మళ్ళీ లాగాడు. గీతదాకా తడి ఉంది.

అప్పటికే స్రెచ్కో కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. "అన్నా, ఒక్క మాట. ఇంజను ఆపి చూస్తే…"

"ఏమోయ్, ఇది ఎవరి పెరడు?"

"నీదే అన్నా."

"గుంట?"

"నీదే."

"మరి మాట నీదెందుకు?"

స్రెచ్కో భుజాలెగరేసి మోచేతులు తీసేసుకున్నాడు. ఇంకా రెండు డబ్బాలు మూత తియ్యకుండా మిగిలాయి. వుకొమాన్ వాటిని పైకెత్తి, కంచె అవతలికి వినపడేలా అన్నాడు: "చూశావా కూమా! కొందరు ఎనిమిది డబ్బాలు తాగించిన చోట నేను ఆరింటితో తేల్చేశాను. కారులో పెట్టుకో, వచ్చేసారికి పనికొస్తాయి."

ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు ఆదివారం. కొండమీద మిలొవాన్ అక్క ఇంట్లో స్లావా, ఆ ఇంటి వేలుపు పండుగ. ముందు సీట్లో వుకొమాన్. వెనక మిలొవాన్ తల్లి యెవ్రోసిమా, ఒళ్ళో పెద్ద గుండ్రటి రొట్టెతో. ఊళ్ళో చదునుగా ఉన్నంతసేపు కారు వెన్నలా జారింది. వుకొమాన్ స్రెచ్కో ఇంటి ముందు అద్దం దించి మరీ మోచెయ్యి బయట పెట్టాడు.

ఏటవాలు మొదలవగానే ఇంజను అరిచింది గానీ చక్రాలు కదల్లేదు. మిలొవాన్ ఇంకా తొక్కాడు. ఇంకా అరిచింది. కారు మెల్లగా వెనక్కి జారసాగింది.

"మేక మీద ఎక్కించినా ఈపాటికి చేరేదాన్ని" అంది యెవ్రోసిమా, రొట్టెను గట్టిగా పట్టుకుని.

మిలొవాన్ బ్రేకు వేసి, దిగి, రాయి ఒకటి చక్రం కింద పెట్టి వచ్చాడు. "ఏమైంది కూమా దీనికి?"

వుకొమాన్‌కు ఆ క్షణంలోనే తెలిసింది. ఏటవాలులో ఆయిల్ వెనక్కి పోయింది, పంపుకు అందడం లేదు. అంటే తక్కువైంది. వెనక డిక్కీలో మూత తియ్యని రెండు డబ్బాలు ఉన్నాయి. ఇంజను ఆపి చూస్తే… ఆపి చూస్తే ఏమవుతుందో స్రెచ్కోను ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు తను.

నోరు మాత్రం వేరే దారి పట్టింది. "జర్మనీవాడు అరిగిపోయిన గేర్‌బాక్సు అంటగట్టాడు."

మిలొవాన్ కారు బానెట్ మీద చెయ్యి వేసి, నిమిరి, అన్నాడు: "నువ్వు చెప్తే ఇంకేముంది కూమా. రేపు పాత ఇనుము వాడికి తోలేస్తాను."

స్రెచ్కోను ఓడించడానికి ఇంతకంటే మంచి మాట వుకొమాన్ కోరుకోలేడు. తన మాట మీద కారునే ఇనుముకి వేసేస్తానంటున్నాడు. ఆ నమ్మకం కోసమే కదా శనివారమంతా గుంటలో దిగింది! ఇప్పుడది చేతిలో ఉంది. ఒక అబద్ధం మీద ఉంది.

"తోలొద్దు" అన్నాడు. "ఇక్కడే ఉండు."

కొండ దిగి స్రెచ్కో వాకిలి ముందు నిలబడ్డాడు. స్రెచ్కో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నిన్న చెప్పబోయిన మాట చెప్పు."

"ఏ మాట అన్నా?" స్రెచ్కో కప్పు దించలేదు. "గుంట నీది, పెరడు నీది. మాట నాదెట్లా అవుతుంది?"

"చెప్పమంటున్నాను."

స్రెచ్కో ఆ క్షణాన్ని కాఫీతో పాటు కొంచెం నెమ్మదిగానే తాగాడు. తర్వాత లేచాడు. "ఇంజను ఆపితే లోపలున్న ఆయిలంతా కింది తట్టలోకి దిగిపోతుంది. అది చూసి కడ్డీ నిండుగా ఉందంటుంది. వేడెక్కాక, నడుస్తుండగా చూడాలి. పద, గరాటా తెస్తాను."

దారి పొడుగునా గరాటా వుకొమానే మోశాడు. కారు దగ్గర ఇంజను నడుస్తుండగా గేరు కడ్డీని ఒక్కో స్థానంలోకి జరిపి, మళ్ళీ మొదటికి తెచ్చి చూస్తే ఆయిల్ కడ్డీ కొస మాత్రమే తడిసింది. గరాటా పట్టింది స్రెచ్కో. డబ్బా వంచింది వుకొమాన్. రెండు డబ్బాలూ లోపలికి పోయాయి.

"లోపం ఏమిటి?" అడిగాడు మిలొవాన్.

స్రెచ్కో నోరు తెరిచేలోపు వుకొమాన్ అందుకున్నాడు. ఈ మాట కూడా అతని నోట పలికించడం ఆయనకు ఇష్టం లేదు. "జర్మనీవాడిది కాదు. నాది. ఇంజను ఆపి చూశాను. ఇతను చెప్పబోతే నోరు మూయించాను."

మిలొవాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఎక్కి కూర్చున్నాడు, వుకొమాన్ పక్క సీట్లోకి ఎక్కాడు. కారు రాయిని వెనక వదిలి పైకి కదిలింది.

వెనకనుంచి యెవ్రోసిమా అడిగింది: "బాగుచేసింది ఆ నీలంబట్టలాయనే కదా? మరి ఆయన్ను ముందు కూర్చోబెట్టక, రోడ్డు మీద వదిలేశారేం?"

"అమ్మా, ఆ సీటు కూమ్‌ది" అన్నాడు మిలొవాన్, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

వుకొమాన్ గొంతు సవరించుకున్నాడు. కారు ఏటవాలు ఎక్కుతోంది. రెండో గేరు పడుతుందనగా ఆయన తల కొంచెం వంచి, బస్సుల రోజుల్లోలాగే చెవి పెట్టి విన్నాడు. ఏదో ఒక చిన్న కుదుపు రాకపోతుందా, స్రెచ్కో కూడా ఎక్కడో ఒకచోట తప్పు చెయ్యకపోతాడా అని. గేరు పడింది. ఏ చప్పుడూ రాలేదు. ఆయన కొండవైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు.