ముప్పై మూడో ఫోను

బడిలో ఆఖరి తరగతికి ఇంగ్లీషు చెప్పే ఆ టీచరుకు పిల్లలు పెట్టిన పేరు ఫోను టీచరు. పద్యాలూ వ్యాసాలూ ఎలాగూ బట్టీ పట్టి పరీక్షలో కక్కేస్తారు, గేటు దాటాక బతకడానికి పనికొచ్చే ఇంగ్లీషు ఎవరు నేర్పుతారని ఆమె పట్టుదల. బ్యాంకు ఫారం నింపడం, అద్దె కాగితంలో చివరన ఉండే చీమతలకాయంత అక్షరాలు చదవడం, ఉద్యోగానికి దరఖాస్తు రాయడం, తప్పుడు బిల్లు పంపినవాడితో మర్యాద తప్పకుండా పోట్లాడటం ఆమె పాఠాలు. సిలబస్ సంగతేమిటని హెడ్మాస్టరు అడిగితే అదిగో అయిపోవచ్చిందనేది. అది ఏ ఏడాదీ అయిన పాపాన పోలేదు.

వీటన్నిటిలో ఆమెకు ప్రాణం ఫోను పాఠం. ల్యాబ్ అటెండరు రెండు పాత ఫోన్లను ఒక వైరుతో కలిపి ఇచ్చాడు. ఒకటి క్లాసులో బల్ల మీద, రెండోది వరండా చివర మ్యాపుల గదిలో. ఆమె ఆ గదిలో తలుపేసుకుని కూర్చునేది. పిల్లలు ఒక్కొక్కరే ఫోను చేసి, అద్దెకు ఇల్లు అడగాలి, లేదా అగ్నిమాపకవాళ్ళను పిలవాలి, లేదా డాక్టరుతో మాట్లాడాలి. అవతలివాళ్ళు ఎవరైతే ఆమె వాళ్ళే. ఎంత తెలిసిన గొంతైనా తెలియనట్టే ఉండేది. ముందు రోజు, టైము, అడ్రసు చెప్పాలి. ఆ తర్వాతే కష్టం చెప్పాలి. అంతా ఇంగ్లీషులోనే. సొంత భాషలోకి జారితే పదిలో ఒక మార్కు గోవిందా.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళప్పుడు ఒక బుధవారం ఆఖరి పీరియడులో ఈ పాఠం జరిగింది. క్లాసులో ముప్పై రెండు మంది. ముప్పై రెండు ఫోన్లూ వచ్చాయి, మార్కుల పుస్తకం మూసింది. చాక్‌పీసు దుమ్ము దులుపుకుని లేవబోతుంటే మళ్ళీ మోగింది.

ఆడపిల్ల గొంతు. ఆ క్లాసులో ఎవరిదీ కాదు. గురువారం, ఉదయం ఏడూ పది, రెండో సందు, పద్నాలుగో నంబరు, మేడ మీద ఇల్లు అని ఇంగ్లీషులో వరసగా చెప్పింది. అమ్మ పొద్దున్నించీ లేవట్లేదని చెప్పింది. ఊపిరి ఆడుతోందా అని టీచరు డాక్టరు గొంతుతో అడిగింది. అక్కడికి ఆ పిల్ల ఇంగ్లీషు తెగిపోయింది.

"అమ్మ చెయ్యి చల్లగా ఉందండీ. నాకేం చెయ్యాలో తెలియట్లేదు."

నటన బాగుందనుకుంది టీచరు. పై క్లాసుల వాళ్ళెవరో ఆట పట్టిస్తున్నారనుకుని, ఇంగ్లీషులో చెప్పు అంది. అవతల ఏడుపు. తొమ్మిది మార్కులు, ఇక పెట్టెయ్ అని తనే పెట్టేసింది. అడ్రసూ తొమ్మిదీ పుస్తకంలో రాసుకుంది కూడా.

క్లాసుకు వెళ్ళి చూస్తే తాళం వేసి ఉంది. పిల్లలంతా అప్పటికే మైదానంలో ఆడుకుంటున్నారు. తాళంచెవి ఇందాకే ఇచ్చేశారని ఆఫీసులో ప్యూను చెప్పాడు. కిటికీలోంచి చూస్తే ఖాళీ బెంచీలు, బల్ల మీద ఫోను. వైరు ఆ రెండు గదుల మధ్యే తప్ప ఇంకెక్కడికీ పోదు. 

హాజరు పట్టీ తిరగేస్తే ఆ అడ్రసు తన క్లాసులో పిల్లదే. నోరు మూత పడదు కనుక అందరూ గలగల అనే పిల్ల. కానీ గలగల గొంతు ఎవరికి తెలియదు? పైగా అది ఆ రోజు కప్పు మీదికెక్కిన పిల్లిని దింపమని ఫోను చేసి క్లాసంతటినీ నవ్వించింది. దానికి ఉన్నది తల్లి ఒక్కతే. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది.

మర్నాడు గురువారం. ఏడు కొట్టేసరికి టీచరు ఆ మెట్లెక్కింది, చేతిలో జిప్పు ఊడిన సంచీతో. తల్లి నిక్షేపంగా ఉంది. ఇంత పొద్దున్నే సంచీ ఏమిటమ్మా అని నవ్వి, జిప్పు వేసి ఇచ్చింది. ఏడున్నర దాకా ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చుని టీచరు లేచింది. ఏ గురువారమో ఆ పిల్ల చెప్పలేదు కదా అన్న ఆలోచన మెట్ల మధ్యలో వచ్చింది. దాంతో పై వారం మళ్ళీ వెళ్ళింది.

అలా పందొమ్మిదేళ్ళు వెళ్ళింది. చెబితే నవ్వుతారు గానీ, చిరిగినవి అయిపోతే ఇంట్లో దిండ్ల కుట్లు తనే విప్పుకుని మరీ వెళ్ళేది. జీతం లేని డ్యూటీ అని భర్త వేళాకోళం చేసేవాడు. గలగలకు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది. దాని తల్లి, సందులో అందరికీ కుట్టే అక్క, ఒంటరిదైంది. ఒక గురువారం ఆమె మిషను ఆపి, ఏడూ పది దాటేదాకా నా ముఖమే చూస్తావు, నేను పోతానని నీకెవరు చెప్పారమ్మా అని సూటిగా అడిగేసింది. టీచరు దాచలేక చెప్పేసింది. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, సరే, రావడం మాత్రం మానకు, నాకూ కాలక్షేపం అంది. తర్వాత కూతురికి ఫోన్లో చెప్పి ఇద్దరూ విరగబడి నవ్వుకున్నారట.

ఆ అక్క చివరికి ఒక ఆదివారం సాయంత్రం, ఆసుపత్రి మంచం మీద, కూతురు పక్కనుండగా, పండుటాకు రాలినట్టు వెళ్ళిపోయింది. ఏడూ పదీ లేదు, గురువారమూ లేదు. టీచరు కడుపారా ఏడ్చింది. ఏడుస్తూనే, గండం గడిచిపోయిందని లోపల తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గుపడింది. ఆ సందువైపు మళ్ళీ పోలేదు.

మూడేళ్ళు గడిచాయి. రిటైర్మెంటు ఇక ఏడాది ఉంది. చేతుల్లో సెల్‌ఫోన్లు పెట్టుకుని పిల్లలు నవ్వుతున్నా ఆ పాత ఫోన్లూ, మ్యాపుల గదీ అలాగే ఉన్నాయి. ఆ ఏడు కొత్తగా చేరినవాళ్ళలో నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే. బుధవారం ఫోను పాఠంలో దాని వంతు వచ్చింది. రెండు గదుల ఇల్లు అద్దెకుందా అని ఇంగ్లీషులో అడిగింది.

టీచరు చేతిలో పెన్ను జారింది. ఆ గొంతు అదే. ఇరవై రెండేళ్ళుగా నిద్రలో కూడా మరిచిపోని గొంతు.

"మీ ఇల్లెక్కడ?" అని అడిగింది, ఇంటి యజమాని పాత్ర మరిచిపోయి, మామూలు భాషలో.

రెండో సందు, పద్నాలుగో నంబరు, మేడ మీద. అమ్మమ్మ ఇల్లట, ఈ మధ్యే వచ్చారట.

తను ఇన్నేళ్ళూ కాపలా కాసింది వేరే మనిషికని టీచరుకు అప్పుడు తెలిసింది. ఫోన్లో అమ్మ అన్నది కుట్టే అక్కను కాదు. ఆ అమ్మ గలగల.

సాయంత్రం పరుగున వెళ్ళింది. గలగలకు నలభై దగ్గర పడ్డాయి గానీ నోరు అదే నోరు. మొగుడు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, ఇంట్లో తనూ పిల్లే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ భుజం నొక్కుకుంటోంది. గ్యాసు అంది. రేపు పొద్దున కాదు, ఇప్పుడే ఆసుపత్రికి పద అని టీచరు చెయ్యి పట్టుకుంది. ఉన్న సంగతంతా చెప్పింది.

గలగల నవ్వింది. "మా అమ్మకి పందొమ్మిదేళ్ళు ఇదే చెప్పారు టీచర్. ఇక నా వంతా?"

టీచరుకు నాన్నా పులి కథ గుర్తొచ్చింది. ఆదివారం వెళ్దాంలే అని గలగల ఆమెను మెట్ల దాకా సాగనంపింది.

గురువారం ఉదయం ఏడు కాకముందే టీచరు ఆ ఇంటి గేటు దగ్గర నిలబడింది. దొంగ ఫోను చేస్తే అవతల నిజంగా చచ్చేవాడికి బండి దొరకదని ముప్పై ఏళ్ళు పిల్లలకు నూరిపోసిన మనిషి, ఆ రోజు దొంగ ఫోను చేసింది. గుండెపోటు, రెండో సందు, పద్నాలుగో నంబరు అని అంబులెన్సువాళ్ళకు చెప్పింది. బండి సందు మలుపు తిరిగేసరికి ఏడూ తొమ్మిది. మోసానికి కేసు పెడతారేమోనని భయం. పెడితే బాగుండునని ఆశ.

పైకి వెళ్ళి తలుపు కొట్టింది. లోపల గడియ పెట్టి ఉంది. తలుపవతల ఆ గొంతు ఫోన్లో మాట్లాడుతోంది. గురువారం, ఏడూ పది, రెండో సందు. తనకు కంఠతా వచ్చిన మాటలు, ఒక్కటీ పొల్లుపోకుండా.  టీచరు రెండు చేతులతో తలుపు బాదింది, నేనమ్మా అని అరిచింది. వెనకాల స్ట్రెచరు పట్టుకున్నవాళ్ళు తలుపు పగలగొట్టాలా అంటున్నారు. భయంతో బిగుసుకుపోయిన పిల్లకు ఇవేవీ వినబడలేదు. ఆ గొంతు భాష మార్చి ఏడ్చింది. ఆ తర్వాత నిశ్శబ్దం. టీచరు జన్మలో అంత పొడవైన నిశ్శబ్దం ఎరగదు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

ఇంకో పది నిమిషాలైతే చేతులెత్తేసేవాళ్ళమని డాక్టరు చెప్పాడు. గలగల బతికింది. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచింది. నోటికి అడ్డంగా గొట్టాలున్నాయి కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే అప్పుడే మొదలుపెట్టేది.

వరండాలో బెంచీ మీద పిల్ల, టీచరు పక్కన ముడుచుకుని కూర్చుంది. బడిలో చేరిననాటి నుంచీ దాచుకున్న మాటలన్నీ అప్పుడు వచ్చాయి.

"ఆసుపత్రికి చేశాను టీచర్. ఎత్తింది మీరు. నాకు గొంతు తెలీదా? భయమేసి ఇంగ్లీషు రాలేదు, మామూలుగా చెప్పేశాను. ఇంగ్లీషులో చెప్పు అన్నారు. నాకు ఏడుపొచ్చింది."

టీచరు తల దించుకుంది. తల్లి చెయ్యి చల్లబడుతోందని చెప్పిన పిల్లకు మార్కు కోసింది తను. క్షమించమని అడగాలనుకుంది. ఎలా అడగాలో ఏ పాఠంలోనూ లేదు.

"తర్వాత తొమ్మిది మార్కులన్నారు, నాకేం అర్థం కాలేదు. పెట్టేస్తారేమో అనుకున్నా. కానీ పెట్టెయ్యలేదు మీరు. తలుపు దగ్గర ఉన్నది నేనే, భయపడకు, వెళ్ళి గడియ తియ్యి అన్నారు. అందుకే తీశాను. లేకపోతే తీసేదాన్ని కాదు టీచర్."

టీచరు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ రోజు మ్యాపుల గదిలో అన్న ప్రతి ముక్కా ఆమెకు గుర్తుంది. తొమ్మిది మార్కులంది, ఫోను పెట్టేసింది. తలుపు మాట, గడియ మాట తను అనలేదు. వెనక్కు వెళ్ళి అనగలిగితే తన శేష జీవితం ఇచ్చి అయినా ఆ మాటలు అనేది. కానీ అనలేదు.

"మీరే కదా టీచర్?"

 టీచరు పిల్ల చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నేనేనమ్మా" అంది.