తాడాటలో చోటు

బడిలో మధ్యాహ్నం విరామమప్పుడు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం ఆయమ్మ పని. మెట్ల మీద కూర్చుని ఎవరు పడ్డారో, ఎవరు ఎవరిని కొరికారో చూస్తుంటుంది. ఆటలో చోటు దొరకని పిల్లలు నేరుగా వచ్చి ఆమె పక్కన చేరతారు. ఏళ్ల తరబడి వాళ్ల సంజాయిషీలు వింటూనే ఉంది.

వాళ్లలో బుగ్గలోడిది ఒక తీరు. ఆటలోకి రానిస్తే, "నేను లేకపోతే వాళ్లకి ఆటే సాగదు" అంటాడు. రానివ్వకపోతే, "వాళ్లకి ఆడటం చేతకాదు" అని కాళ్లూపుకుంటూ కూర్చుంటాడు. వాడికి ఏ దిగులూ లేదు.

రెండుజడల పిల్ల అలా కాదు. తాడాటలో చోటివ్వకపోతే, "నేనంటే ఎవరికీ ఇష్టం లేదు" అని ముఖం ముడుచుకుంటుంది. పోనీ రమ్మంటే, "ఇవాళ ఒకమ్మాయి రాలేదుగా, అందుకని" అంటుంది. "నువ్వు బంగారు తల్లివే" అని ఆయమ్మ ఎంత బుజ్జగించినా ఆ మాట చెవికెక్కదు.

ఒకరోజు ఆ పిల్ల మళ్లీ వచ్చి చతికిలబడింది.

"ఏమని అడిగావు?" అంది ఆయమ్మ.

"అడగలేదు. పక్కన నిలబడ్డాను."

"నిలబడితే వాళ్లకెలా తెలుస్తుందే? తాడు తిప్పే పిల్లకి చేతులు లాగుతున్నాయి, చూడు. నేను తిప్పనా అని అడుగు."

పిల్ల గొణుక్కుంటూ వెళ్లింది. గంట కొట్టేదాకా తిప్పింది, ఎగిరింది. చెమటతో తిరిగొచ్చి, "దానికి చేతులు నొప్పెట్టి రానిచ్చారు" అంది.

"అడిగిందెవరు?"

"నేనే." చెమట తుడుచుకుని, "గట్టిగానే అడిగాను" అంది.

పిల్లలు లోపలికి పోయాక ఆయమ్మ అన్నం డబ్బా తీసింది. పనిలో చేరిన నాటి నుంచీ ఆమె తిండి ఈ మెట్ల మీదే. మిగతా ఆయాలు వెనక గదిలో కలిసి తింటారు. తానంటే వాళ్లకి గిట్టదని ఎప్పుడో తేల్చేసుకుంది. ఆ మాట వాళ్లెవరూ అనలేదు. ఆమే అనుకుంది.

డబ్బా పట్టుకుని ఆ గది గుమ్మంలో నిలబడింది. "నేనూ ఇక్కడ కూర్చోనా?"

"కూర్చో, ఎవరొద్దన్నారు?" అంది అందరికన్నా పెద్దావిడ. "నీ కంటికి మేం ఆనమేమో అనుకున్నాం."

అందరూ జరిగారు. గోడవారగా ఉన్నావిడ మాత్రం మూతి బిగించి తన డబ్బా పక్కకి లాక్కుంది. కబుర్లన్నీ మోకాళ్ల నొప్పుల గురించే. ఆయమ్మకు అవేమంత సరదాగా అనిపించలేదు.

అయినా మర్నాడూ వెళ్లింది. గోడవారగా ఉన్నావిడ మళ్లీ మూతి బిగించింది. ఆవిడ తీరే అంత అనుకుని, ఆయమ్మ ఆమె పక్కనే సర్దుకుని కూర్చుంది.