ముప్పై పనిదినాల సర్టిఫికెట్టు

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. అక్క అంటే సొంత అక్క కాదు, మా పెద్దమ్మ కూతురు. "చిన్నమ్మా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేద్దామనుకుంటాండా. నువ్వు చదివినావు కదా, సీటుకు ఏమేమి కావాల?" అని అడిగింది. పిల్ల మర్యాదగానే అడిగింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. సిగ్గు లేకుంటే చాలు, ఇంకేమీ అక్కరలేదు అని నాలిక చివరికి వచ్చిన మాటను ఆపుకుని, "అంతా ఫోన్లోనే ఉంటాది, చూసుకోమ్మా" అని పెట్టేసినాను. పెట్టేసినాక అర్ధగంట సేపు వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఫోన్లో చెప్పేది కాదు.

ఆ చదువుకు ఏమేమి కావాలో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తొంభైల ఆఖర్లో కుప్పంలో ఒక పీజీ సెంటరు ఉండేది. నేను మదనపల్లెలో డిగ్రీ ముగించి, ఇంట్లో ఖాళీగా కూర్చోని, మామిడితోటల కూలికి అమ్మ వెంట పోదామా వద్దా అని ఊగులాడే రోజుల్లో ఆ సెంటరువాళ్ళ ప్రాస్పెక్టస్ చేతికొచ్చింది. పలచని పుస్తకం, సగం తప్పులు. డిగ్రీ ఏదైనా సరే అని మొదటి పేజీలో పెద్ద మనసు చూపించి, రెండో పేజీ నుంచి ప్రాణం తీసేవాళ్ళు. టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్టు, కులం, ఆదాయం, నివాసం, అన్నిటికీ మూడేసి నకళ్ళు, ప్రతి నకలు మీదా గజిటెడ్ అధికారి పచ్చ ఇంకు సంతకం. మా ఇండ్లలో అంతకుముందు ఎవురికీ ఇన్ని కాగితాలతో పని పడలేదు. పుట్టినాము, బతుకుతాండాము అనేదానికి రేషన్ కార్డు తప్ప ఇంకో రుజువు లేని ఇండ్లు మావి.

అమ్మానాయన పొద్దున్నే కూలికి పోయేవాళ్ళు కాబట్టి, ఈ కాగితాల వేట పెద్దమ్మ నెత్తిన పడింది. పడిందేమి, ఆమే లాక్కోని నెత్తిన పెట్టుకుంది. మా అమ్మకు అక్క, మా పక్కింట్లోనే ఉండేది. సంతకం రాదు. నోరు మాత్రం ఊరికంతటికీ చాలేది. ఆదాయం సర్టిఫికెట్టు కోసం మా మండలాఫీసుకు రెండు దినాలు తిరిగి, మూడో దినం సంకటి మూట కట్టుకోని పోయి మెట్ల మీద కూర్చుంది. "మీ ఆదాయమెంతమ్మా" అని గుమాస్తా అడిగితే, "ఉంటే నీ కాడికి యాల వస్తామప్పా" అనింది. లేచి పొమ్మంటే, "మా బిడ్డకు కాయితమిస్తే లేస్తా. ల్యాకుంటే ఈడనే పొయ్యి పెట్టుకుంటా" అనింది. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది.

పచ్చ సంతకం ఇంకా పెద్ద కథ. మా చుట్టుపక్కల మాకు అందే గజిటెడ్ అధికారి అంటే పశువుల డాక్టరొక్కడే. ఆయప్ప చెడ్డోడు కాదు, కానీ భయస్తుడు. మనుషులొచ్చి సంతకం పెట్టించుకోని పోతే ఆ పూట రిజిస్టర్లో ఏమి పని చేసినట్టు రాయాల అని ఆయప్ప బాధ. "వట్టి చేతులతో రావద్దమ్మా, ఏదన్నా పశువును తోలుకోని రండి" అన్నాడు. పెద్దమ్మ తన ఎనుమును విప్పింది. దానికే జబ్బూ లేదు, రెండు పూటలా పాలిచ్చే జీవం. దాన్ని ఎండలో ఆసుపత్రి దాకా ఈడ్చుకోని పోయినాము. డాక్టరు దాని నోట్లో వెదురు గొట్టం పెట్టి నట్టల మందు పోసి, చేయి కడుక్కోని, నా నకళ్ళ మీద పచ్చ సంతకాలు పెట్టినాడు. నా కాగితాలు పదహైదు, అవి ముగిసేదానికి రెండు దినాలు, ఎనుముకు మందు రెండు తూర్లు. దారి పొడుగునా పెద్దమ్మ ఆ ఎనుముతోనే మాట్లాడింది, బిడ్డ చదువుకు నువ్వూ మందు తాగితివి కదమ్మా అని. ఆ వారం అది పాలు సరిగా ఇవ్వలేదు. ఆ కోపం కూడా పెద్దమ్మ నా మీద చూపించలేదు, డాక్టరు మీదే చూపించింది.

అట్లా సీటొచ్చింది. పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పంలో దిగేసరికి ఒళ్ళు హూనమయ్యేది. క్లాసులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి నోట్లో పోసుకున్నట్టు మాట్లాడేవాళ్ళం. ప్రజలకు పరిపాలన ఎట్లా అందాల, అధికారి ఎట్లా ఉండాల, అర్జీ పట్టుకోని వచ్చిన మనిషిని ఎట్లా చూడాల, ఇవన్నీ రెండేండ్లు రాసుకున్నాను. పరీక్షలు బాగా రాసినాను కూడా. చివరికి ఒక్క మెలిక మిగిలింది. ఏదైనా ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై పనిదినాలు కూర్చోని, ఆ ఆఫీసు పనితీరు మీద రిపోర్టు రాసి, నాలుగు ప్రతులు బైండు చేయించాల. అందులో ఒక ప్రతి ఆ ఆఫీసుకే ఇయ్యాల. ముప్పై దినాలూ వచ్చినట్టు ఆఫీసువాళ్ళు సర్టిఫికెట్టు ఇయ్యాల. అది లేకుంటే మార్కులెన్ని వచ్చినా డిగ్రీ చేతికి రాదు, ఇంకో ఏడాది ఆగాల్సిందే.

బస్సు ఖర్చు కలిసొస్తుందని నేను మా మండలాఫీసునే ఎంచుకున్నాను. నా బుద్ధి తక్కువ. మొదటి వారం నన్ను చూస్తే అందరికీ అనుమానం. మాటాడుకుంటా ఉండేవాళ్ళు నన్ను చూసి ఆపేవాళ్ళు. ఏసీబీ వాళ్ళు పంపించినారని ఒకడు, పేపరుకు రాస్తాదని ఇంకొకడు. రెండో వారానికి నేను ఎవురికీ పనికొచ్చేదాన్ని కాదని తేల్చుకోని, నాకే పని చెప్పడం మొదలుపెట్టినారు. సూపరింటెండెంటు అనే మనిషి, గుండుసూదితో చెవి తీసుకుంటా కూర్చునేవాడు, నన్ను తీసుకపోయి అర్జీలు తీసుకునే కిటికీ కాడ కూర్చోబెట్టినాడు. వచ్చిన కాగితం తీసుకోని, తేదీ ముద్ర కొట్టి, రసీదు చించి ఇయ్యడం. జీతం లేని గుమాస్తా దొరికింది వాళ్ళకు. కిటికీ బయట జనమేమో నన్నే ఆఫీసు అనుకోని తిట్టేవాళ్ళు. లోపలోళ్ళకు నేను బయటిదాన్ని, బయటోళ్ళకు లోపలిదాన్ని. నాకు మాత్రం, చెప్పాలంటే, ఆ ముద్ర కొట్టేటప్పుడు ఏదో గొప్పగా ఉండేది.

మూడో వారం ఆఖర్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించినారు. అంటించింది నేనే, మైదా పిండి జిగురుతో. మా పెద్దనాయన పోయినాక, ఆయన పేరు మీద సర్కారు ఇచ్చిన ఒకటిన్నర ఎకరా చెనిక్కాయ చేను ఆయన పేరుతోనే ఉండిపోయింది. పెద్దమ్మ సాగు చేసుకుంటానే ఉంది. పక్కచేను పెద్దరైతు గట్టు జరుపుకుంటా జరుపుకుంటా వచ్చి, ఆ చేను సాగు చేస్తాండేది తానేనని, ఆఫీసు పుస్తకంలో తన పేరు ఎక్కించమని అర్జీ పెట్టుకున్నాడు. ఎవురికన్నా అభ్యంతరముంటే పదహైదు దినాల్లో రాసియ్యాలని నోటీసు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పినాను. అభ్యంతరం కాగితం నా చేత్తోనే రాసినాను, ఆమె వేలిముద్ర నేనే వేయించినాను. దానికి పెద్దనాయన మరణం సర్టిఫికెట్టు జత చేయాల. అది పంచాయతీవాళ్ళు ఈ పొద్దు రేపు అని తిప్పి, గడువు ఆఖరి దినం, శనివారం మధ్యాహ్నం ఇచ్చినారు.

ఆ శనివారం నాకు ముప్పయ్యో దినం. కుప్పంలో రిపోర్టుకు, సర్టిఫికెట్టుకు ఆఖరి తేదీ బుధవారం. పొద్దున్నే సూపరింటెండెంటు నా కాడికొచ్చి, "మూడు గంటల పైన కాగితాలు తీసుకోవద్దమ్మా. వచ్చినోళ్ళను సోమవారం రమ్మను. నీ సర్టిఫికెట్టు నా టేబుల్ మీదే ఉండాది, పోయేటప్పుడు సంతకం చేయించిస్తా" అన్నాడు. పెద్దరైతు ఆ వారంలో రెండు తూర్లు ఆయన గదికి వచ్చిపోయింది నేను చూసినాను. ఆయన ఏ కాగితం గురించి చెప్తాండాడో నాకు తెలుసు. తెలీదని ఇప్పుడు చెప్పుకుంటే నా అంత దొంగ ఇంకొకతి ఉండదు.

నాలుగు గంటలప్పుడు పెద్దమ్మ కిటికీ కాడికి వచ్చింది. బస్సు దిగి నడిచొచ్చింది, చెమటలు. కొంగుముడి విప్పి రెండు కాగితాలూ తీసి లోపలికి చాపింది. మొహంలో ఏ బెదురూ లేదు, కూర్చోనుండేది నేను కదా. వెనకాల గదిలో సూపరింటెండెంటు కుర్చీ కిర్రుమనడం వినపడింది. "సోమవారం రా పెద్దమ్మా, ఈ పొద్దు తీసుకోరు" అన్నాను.

"తీసుకోరంటే ఎవురమ్మా? ఆడ కూసోనుండేది నువ్వే గదా."

"రూల్స్ పెద్దమ్మా."

ఆమె నా చేతి పక్కనుండే ముద్రను చూసింది, నన్ను చూసింది. మెట్ల మీద పొయ్యి పెడతానన్న మనిషి, ఆ పొద్దు ఇంకొక్క మాట ఎత్తలేదు. కాగితాలు మళ్ళా ముడేసుకోని వెళ్ళిపోయింది. నేను కాబట్టి నమ్మిందో, నేను కాబట్టి నోరు రాలేదో, అడిగే ముఖం నాకు ఎప్పుడూ లేదు. ఐదున్నరకు నా సర్టిఫికెట్టు చేతికొచ్చింది, సంతకం, గుండ్రటి ముద్ర, అన్నీ సక్రమంగా.

సోమవారం ఆమె పోయింది. గడువు శనివారంతో ముగిసిందన్నారు. నెల తిరక్కుండా పుస్తకంలో పెద్దరైతు పేరు ఎక్కింది. ఆ సోమవారం, మంగళవారం నేను మదనపల్లెలో కూర్చోని రిపోర్టు టైపు చేయించి, నీలం అట్ట, బంగారు అక్షరాలు వేయించి, బుధవారం నాలుగు ప్రతులూ కుప్పంలో ఇచ్చినాను. ఫస్ట్ క్లాసు వచ్చింది. పెద్దమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఒకే గోడ అటూ ఇటూ ఉంటా, నాకు చెప్పాల్సిందంతా మా అమ్మకు చెప్పేది. "ఆఫీసరమ్మకు సెప్పు, వాన వస్తాంది, గుడ్డలు తీసుకోమని." నాకూ పొగరే. నేనూ అమ్మతోనే చెప్పించేదాన్ని. రెండేండ్లు మా అమ్మ ఆ గోడ కాడ నలిగిపోయింది.

ఆ రెండేండ్లలో నాకు మదనపల్లెలో ఉద్యోగమొచ్చింది, ఆ డిగ్రీ చూపించుకునే. అప్పుడు పెద్దమ్మ కూతురు, మా అక్క, ఎవురో లాయరును పట్టుకోని మదనపల్లెలో అప్పీలు వేయించింది. గడువు లోపలే అభ్యంతరం తెచ్చినట్టు సాక్ష్యం కావాల. సాక్షి నేనొక్కదాన్నే. పెద్దమ్మ మా ఇంటి అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చోని, "రాసిస్తాదేమో అడుగే" అని అక్కతో అనింది. రాసిచ్చినాను. రెండు పేజీలు, ఏమీ దాచలేదు. ఆమె వచ్చింది, నేను తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదో కూడా రాసినాను. అది రాసిన రాత్రి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

విచారణ దినం సూపరింటెండెంటు వచ్చినాడు. చంకలో నీలం అట్ట పుస్తకం, బంగారు అక్షరాలు. కుప్పం వాళ్ళు ఆఫీసుకు ఒక ప్రతి పంపించినట్టుంది, ఆ రూలు నాకు ఆ నిమిషం దాకా గుర్తే లేదు. విచారణ చేసే అధికారి నాలుగో అధ్యాయం తీసి పైకి చదివినాడు. "గడువు లోపల వచ్చిన ప్రతి అర్జీని ఈ కార్యాలయం అదే రోజు స్వీకరించి, ముద్ర వేసి, రసీదు ఇస్తున్నది. ఇది పరిశోధకురాలు ముప్పై పనిదినాలు స్వయంగా గమనించిన విషయం."

"ఇది మీరు రాసిందేనా?" అన్నాడు.

"అవును సార్."

"ఈ సాక్ష్యం?"

"అదీ నేనే సార్. అదే నిజం."

"అయితే అబద్ధం రాసి డిగ్రీ తీసుకున్నారా?" ఆయన కోప్పడలేదు, ఎగతాళీ చేయలేదు. తెలుసుకోవాలని అడిగినాడు. అవును అంటే చాలు. అవును అంటే డిగ్రీ పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది, పెద్దమ్మ చేను ఆమెకొస్తుంది. గదిలో ఫ్యాను తిరుగుతా ఉంది. పెద్దమ్మ గోడకు ఆనుకోని నా నోటి వైపే చూస్తా ఉంది. నేను నోరు తెరవలేదు. ఆయన ఏదో రాసుకోని, తరువాతి ఫైలు తీసినాడు. అప్పీలు కొట్టేసినారు.

బయట వరండాలో పెద్దమ్మ రెండేండ్ల తరువాత మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. ఆ బుక్కులో ఏం రాసినావని అడిగింది. దాయలేక, ఉన్నదున్నట్టు చెప్పినాను. ఆమె కొంగు సర్దుకోని, "రెండు తూర్లు రాసినావు గదమ్మా, ఒగటి నీకు, ఒగటి నాకు. నీకు రాసుకున్నదే గెలిచింది" అనింది. అని, అక్క చేయి పట్టుకోని మెట్లు దిగిపోయింది.

ఆ తరువాత ఆమె పదకొండేండ్లు బతికింది. తన చేను ఇంకొకరు దున్నతా ఉంటే ఆ దారి వదిలిపెట్టి చుట్టు తిరిగి పోయేది. నేను పెట్టిన చీర కట్టలేదు, నేను పంపిన మందు తాగలేదు. ఊర్లో ఎవురికి కాగితం కావాలన్నా నా దగ్గరకు తోలేది, ఆఫీసరమ్మ రాసిస్తాది పొండి అని. తనకు మాత్రం ఏ కాగితం కావాలన్నా ఇంకొకరి కాళ్ళు పట్టుకునేది. నాకు ఆమె మీద కోపమొచ్చేది. ఇంత పంతం ఏమిటని మా అమ్మతో కొట్లాడినాను కూడా. ఆ కోపం ఎవరి మీదో అర్థమయ్యే వయసు వచ్చేసరికి, ఆమె లేదు.

రెండేండ్ల చదువు రెండేండ్లకు ముగిసింది, ముప్పై పనిదినాలు ముప్పై దినాలకు ముగిసినాయి. నోరు తెరవాల్సిన ఆ ఒక్క నిమిషం మాత్రం ఇన్నేండ్లయినా నాకు ముగియడం లేదు.