మా అత్త సిద్ధమ్మ, నా బుధవారాలు

మా అత్త సిద్ధమ్మ ఇదివరకు పొద్దున లేవగానే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేది. పోయిన వానాకాలం నుంచి చీపురు తర్వాతే. ముందు నేనెక్కడ పడుకున్నానో చూస్తుంది. లోపలి గదిలో ఉంటే ఏమీ అనదు. వెనక పంచలో చాప మీద కనబడితే, ఈసారి కూడా నేను నెల తప్పలేదని తెలిసి కాండ్రించి ఉమ్ముతుంది. మా ఇంట్లో ముట్టయినవాళ్లు ఐదో రోజు తలస్నానం చేసేదాకా గడప దాటి లోపలికి రాకూడదు, దేన్నీ తాకకూడదు.

సిద్దిపేటలో కల్లు దుకాణం ముందు ఆమె గుడాలు అమ్ముతుంది. బొబ్బర్లు ఉడికించి, పోపు పెట్టి, గంపకెత్తుకుని పోతుంది. మామ పోయినప్పటి నుంచి ఇల్లు నడిపింది ఆ గంపే. తాగినవాళ్ల నోళ్లు మూయించిన నోరు, ఇంటికొచ్చినా మూతపడదు. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టింది, ఏడాది తిరక్కుండా మళ్లీ కన్నది. పోయినవాళ్లే తిరిగొచ్చారని ఆమె నమ్మకం. నా పెనిమిటి మల్లేశ్ కూడా అట్లా వచ్చినవాడేనట.

నా బిడ్డ పూజ జ్వరంతో పోయింది. మట్టి చేసి వచ్చిన వారానికే మా అత్త మొదలుపెట్టింది. "జల్ది ఇంకొకల్ని కను. గదే పిల్ల మల్లొస్తది."

నాకు ఇంకో బిడ్డ వద్దు. కడుపు రాకుండా మాత్రలంటే రోజూ మింగాలి, ఆమె కళ్లు రోజూ నా మీదే. గజ్వేల్‌లో మా అక్క చూపించిన డాక్టరమ్మ రింగు రాసింది. మెత్తటి ప్లాస్టిక్ రింగు, చిన్నపిల్ల గాజంత. మనమే లోపల పెట్టుకోవాలి. మూడు వారాలు ఉంచి తీసేస్తే ఒక వారం ఖాళీ, ముట్టు ఆ వారంలో వస్తుంది. తర్వాత కొత్తది. మల్లేశ్‌కు చెప్పాను. సరే అనలేదు, వద్దనలేదు.

ఆదివారం తీస్తే బుధవారం ముట్టు. ప్రతిసారీ అంతే. ఎప్పుడూ బుధవారమేనని నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. నేను చాప మీదుంటే వంట ఆమెది, గంప ఆలస్యం.

"గిదేం ముట్టే? ఎవలికన్న వారం సూసుకొని అయితదా? నీకేమో అంగడి లెక్క బుధారమే!"

"నాకేం తెలుసు అత్తమ్మా."

"నీకే తెలుసు."

అప్పటికే స్నానం చేసి గుడాలు దించింది. నేరుగా పోయి నా బీరువా తెరిచింది. గడప ఇవతల చాప మీద నేను. చీరలు ఒక్కొక్కటీ కింద పడుతున్నాయి. మల్లేశ్ ఆటో తాళం పట్టుకుని నిలబడ్డాడు. కొత్త రింగున్న రేకు ప్యాకెట్ ఆమె చేతికి దొరికింది.

"ఏందిరా గిది?"

మల్లేశ్ చెప్పాడు. అంతా చెప్పాడు.

"నా మనుమరాలు వాకిట్ల నిలవడితె నువ్వు గొళ్లెం వెట్టినవా? పొయ్యిల పడేస్త దీన్ని!"

నేను లేచి గడప దాటాను.

"దగ్గరికి రాకు! తానం జేసిన! గుడాలు అమ్మాలె నేను!"

ఆగలేదు. నేను తగులుతానని ఆమె ప్యాకెట్ కింద పడేసి గోడకు అతుక్కుంది. నేను తీసుకున్నాను.

"పూజ రాదు అత్తమ్మా. వస్తే వేరే పిల్ల వస్తది. గా పిల్లను నువ్వు పూజా అని పిలుస్తవు. నాకొద్దు."

"నీ నోట్ల మన్నువడ! రాక్షసివే నువ్వు."

"ఇగో, తీస్కో," అని ప్యాకెట్ చాచాను. తాకలేదు. మిగిలిన రోజులు అది నా చాప కిందే ఉంది. ఎవరూ ముట్టలేదు.

ఆదివారం తలస్నానం చేసి కొత్త రింగు పెట్టుకున్నాను. బయటికొచ్చేసరికి బీరువాలోని బట్టలన్నీ బండ మీద కుప్పగా ఉన్నాయి.

"ఇల్లంత అంటు జేసినవు. అన్ని ఉతుకు, పూజ గౌన్లు సుత. నేనొచ్చేటాల్లకు దండెం మీదుండాలె." గంప ఎత్తుకుని పోయింది.

నా చీరలు ఉతికాను. మల్లేశ్ అంగీలు, దుప్పట్లు ఉతికాను. పచ్చ గౌను మెడ దగ్గర పెరుగన్నం మరక ఎండిపోయి ఉంది. గౌన్లకు నీటి చుక్క తగలనివ్వలేదు. మడిచి, అట్లాగే లోపల పెట్టాను.