నెత్తి మీది ఒట్టు

ఇక చెట్టెక్కనని మట్టయ్య ఒట్టేసి తొమ్మిదేళ్ళయింది. నల్లగొండ దగ్గరి ఊళ్ళో ఇరవై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు, ఒకనాడు నడుముకు చుట్టిన మోకు జారి కింద పడ్డాడు. ఆరు నెలలు మంచానికే పరిమితమయ్యాడు. లేచి నిలబడ్డ రోజున భార్య అండాలమ్మ నాలుగేళ్ళ కూతురు రమ్యను తెచ్చి ముందు నిలబెట్టింది. "బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టు. ఇగ పైకెక్కనని ఒట్టెయ్యి" అంది. వేశాడు. ఒట్టు తప్పితే ఎవరి తల మీద చెయ్యి పెట్టామో వాళ్ళకే తగులుతుందని మనవాళ్ళ నమ్మకం. తప్పేది ఒకరు, అనుభవించేది ఇంకొకరు! ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళకు పిల్లలు లేరేమో.

తర్వాత పట్నం వచ్చి ఎల్బీ నగర్‌లో ఒక కిరాయి గదిలో దిగారు. మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. అక్కడే ఉండే తేజస్విని ఆదివారాలు బస్తీ పిల్లలను ఊరి చివర మిగిలిన బండల దగ్గరికి తీసుకుపోయి, పైసా తీసుకోకుండా బండలెక్కడం, తాడు మీద దిగడం నేర్పుతుంది. మట్టయ్య రమ్యను చేర్పించాడు, తనూ వెంట వెళ్ళేవాడు. తాళ్ళు చుట్టడం, పీచు లేచిన కొసలు పాత గీత కత్తితో కోసి సరిచేయడం అతని పని. పైకి రమ్మంటే మాత్రం "మోకాలు నొస్తది మేడం" అనేవాడు. మోకాలికి ఏ రోగమూ లేదు.

ఆ ఆదివారం తేజస్వినితో పాటు నేర్పే రెండో ఆవిడ జ్వరమొచ్చి రాలేదు. అండాలమ్మ మాత్రం సద్ది పట్టుకుని మొదటిసారి వచ్చింది. కూతురి జడ చొక్కాలోకి దోపి ఉండడం చూసి ఆమె ప్రాణం ఒప్పలేదు. పొద్దున్నే నూనె రాసి అల్లిన జడ! "గట్ల కుక్కుతరా ఎవరన్న?" అని బయటికి లాగి పంపింది. మట్టయ్య అప్పుడు అటు తిరిగి తాడు చుడుతున్నాడు.

బండ పైనుంచి తాడు మీద దిగుతూ రమ్య సగంలో ఆగిపోయింది. నడుము దగ్గర తాడు జారే ఇనుప కొండీలోకి జడ పోయింది. జుట్టు బిగుసుకుని తల కొండీ మీదికి వంగిపోయింది. కిందికి జారితే ఇంకా లాగుతుంది, పైకి పోయే దారి లేదు.

"నాయినా!" అని ఒక్క కేక పెట్టింది.

పైనుంచి తేజస్విని అరిచింది. "మట్టయ్యగారూ! రమ్య రక్షణ తాడు నా చేతిలో ఉంది, నేను కదల్లేను! పక్కన ముడులేసిన తాడుంది, మీరే ఎక్కాలి!"

మట్టయ్య ఆ తాడు పట్టుకున్నాడు. కాలు లేవలేదు. పడిపోతానని కాదు అతని భయం. ఒట్టు తప్పితే తగిలేది అదిగో, పైన వేలాడుతున్న ఆ తలకే. ఎక్కకపోయినా ఆ తలకే. ఏం చేయాలో తోచక అండాలమ్మ వైపు చూశాడు.

గుండెలు బాదుకుంటున్న అండాలమ్మకు ఆ చూపు అర్థమైంది. వచ్చి అతని భుజం పట్టి ఊపేసింది. "నేను పెట్టిచ్చిన ఒట్టు నేనే తీసి గట్టున పెడుతున్న! పాపమేదన్న ఉంటే నాకు తగలనీ. ఎక్కు!"

ఎక్కాడు. తొమ్మిదేళ్ళయినా పాదాలు పని మరవలేదు. కూతురి కాళ్ళ కింద భుజం పెట్టి ఎత్తి చూశాడు. జుట్టు వదల్లేదు. మొలలో దోపుకున్న గీత కత్తి తీశాడు. జుట్టూ తాడూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఆ తాడు తెగితే బిడ్డ బరువంతా తేజస్విని ఒక్కదాని చేతుల మీదే పడుతుంది.

"కదలకు బిడ్డా. ఊపిరి గూడ మెల్లగ తీయి."

తాటి గెలను పల్చగా, పొరలు పొరలుగా చెక్కిన చెయ్యి అది. తాడును ముట్టకుండా పాయ పాయ కోశాడు. చివరి పాయ తెగగానే రమ్య తల పైకి లేచింది.

వాళ్ళిద్దరూ కిందికి దిగాక అండాలమ్మ కూతురిని కరుచుకుని ఏడ్చింది. జడ బయటికి లాగింది తనేనని అందరి ముందూ ఒప్పుకుంది. ఆ వెంటనే, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మొగుడి చెయ్యి పట్టి లాగింది. "పెట్టు, బిడ్డ నెత్తి మీద పెట్టు. ఇగ ఈడికి ఎవ్వరం రామని..."

రమ్య రెండడుగులు వెనక్కి వేసింది.

"నా నెత్తి మీద ఇగ ఎవ్వరు ఒట్లు పెట్టొద్దమ్మా. నేను పిలిచినంక నాయిన ఎంతసేపు కిందనే నిలవడ్డడో పైనుంచి చూసిన."

అండాలమ్మ పట్టు సడలింది. మట్టయ్య తన చెయ్యి తనే వెనక్కి తీసుకున్నాడు.

మరుసటి ఆదివారం అతను బండ పైన, తేజస్విని పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాడు. వస్తానని ఎవరికీ ఒట్టు వేయలేదు.