ఏసీ సాకెట్టులో సంగీతం

ఆ రోజుల్లో నాకు సంగీతం మీద కోపమేమీ లేదు. మే నెలలో ఏసీ ఆపి మరీ సంగీతం వినమనే మనిషి మీదే ఉండేది. కొత్తగా ఉద్యోగంలో చేరి, ఢిల్లీని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్ వైశాలిలో ఒంటి గది వాటా తీసుకుని నెల్లూరు అన్నయ్యతో కలిసి ఉండేవాణ్ణి. (సొంత అన్నయ్య కాదు. ఢిల్లీలో మనకంటే ముందు రైలు దిగిన ప్రతి తెలుగువాడూ అన్నయ్యే.) మనిషి బంగారం. ఒకటే జబ్బు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆంప్లిఫయరూ, దాని స్పీకర్లూ. వాటికి ఎంత సేవ చేసినా తనివి తీరక, ఓ రోజు కొండచిలువ పిల్లంత లావు పవర్ కార్డు పట్టుకొచ్చాడు. గోడ నుంచి ఆంప్లిఫయరుకు కరెంటు తీసుకెళ్లే తీగ, అంతే. దాని ప్లగ్గు పట్టే పెద్ద సాకెట్టు మా గదిలో ఒక్కటే ఉంది. అందులో ఏసీ ఉంది.

“ఏసీ ఎట్టాగూ ఆపాల్సిందే తమ్ముడూ. అది నడస్తా ఉంటే కరెంటు మురికైపోద్ది,” అన్నాడు.

“ఘాజియాబాద్ అంతా తిరిగొచ్చిన కరెంటు ఈ ఆఖరి గజంలో స్నానం చేస్తుందా అన్నయ్యా?”

“ముందు నువ్వు విను.”

విన్నాను. ఒకే వీణ కచేరీ, పాత తీగతో ఒకసారి, లావు తీగతో ఒకసారి. “ఇప్పుడు వీణ ముందుకొచ్చి కూర్చుంది, తెలస్తందా?” అనేవాడు. వీణ సంగతి తెలీదు గానీ నా బనీను మాత్రం వీపుకు అతుక్కుని కూర్చుంది. తెలియలేదంటే మళ్లీ మొదటి నుంచి పెట్టేవాడు. చివరికి ఓర్చుకోలేక, “వచ్చింది అన్నయ్యా, వీణ వచ్చేసింది, ఏసీ వెయ్యి” అన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆ ఊపులో పాత తీగను కింది వాటా ఆంటీవాళ్ల కంప్యూటరుకు దానం చేసేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ నన్ను సాక్షిగా నిలబెట్టేవాడు. ప్రతి సాక్ష్యానికీ ఏసీ ఆగేది, నేను ఉడికేవాణ్ణి.

ఇక లాభం లేదని పందెం కట్టాను. “దుప్పటి చాటున నేను తీగలు మారుస్తా. నీ తీగేదో చెబితే ఈ వేసవంతా నీ ఇష్టం. తప్పితే ఇక పాటల కోసం ఏసీ ఆపకూడదు.” “ఠీక్ హై” అన్నాడు. తీర్పు చెప్పడానికి ఢిల్లీ జియా సరాయ్ నుంచి కలెక్టరు వచ్చాడు. (సివిల్స్‌కు చదువుతున్న కరీంనగర్ కుర్రాడు. పరీక్ష ఇంకా గట్టెక్కలేదు, పేరు మాత్రం ముందే స్థిరపడింది.)

పాత తీగ లేదు కనుక, దుప్పటి చాటున లావు తీగ తర్వాత మా రైస్ కుక్కర్ తీగ పెట్టాను. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. ముఖం విచ్చుకుంది. “ఇదే! ఇదే మన తీగ! ఆ మీటు గాల్లో తేల్తా ఉంది చూడు!”

“నాకైతే అన్నీ ఒక్కతీరే ఇనవడ్తున్నయన్నా,” అన్నాడు కలెక్టరు. “గా ఏసీ ఎప్పుడేస్తరు?”

దుప్పటి లాగేశాను. గంజి చారలతో కుక్కర్ తీగ బయటపడింది. అన్నయ్య సిగ్గుపడతాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని ఆప్యాయంగా నిమిరాడు. “అచ్ఛా! ఇంత మంచి తీగని ఇన్నాళ్లూ అన్నానికి వాడామా తమ్ముడూ?”

నాకు గోడకు తల బాదుకోవాలనిపించింది. కుక్కర్ తీగ ఆంప్లిఫయరుకు వెళ్లిపోయింది. కుక్కర్‌కు వేరే తీగ కొందామంటే, “అంత ఖరీదైన తీగని ఊరికే పడెయ్యడం పాపం” అని లావు తీగను దానికి తగిలించాడు. ఆ తీగకు మళ్లీ ఏసీ సాకెట్టే కావాలి. మాట ప్రకారం పాటల కోసం ఏసీ ఆపలేదు. అన్నం కోసం ఆపాం, రెండు పూటలా. గెలిచిన పందెం ఇంత ఉక్కపోస్తుందని నేనెక్కడా వినలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం చెమటలు తుడుచుకుంటూ పప్పన్నం కలుపుకున్నాను. మెతుకుకు మెతుకు విడివిడిగా, పువ్వులా ఉంది. నాకు తెలియకుండానే నోరు జారింది. “అన్నయ్యా, ఈమధ్య అన్నం బాగా ఉడుకుతోంది కదూ?”

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. “తెలిసిందా నీకు!” అన్నాడు, కళ్లు మెరిసిపోతుంటే.

ఈసారి నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇప్పుడు మా ఇంట్లో గదికో ఏసీ ఉంది. ఆ చల్లదనంలో కూర్చుని అప్పటి నన్ను తలుచుకుని ఎంత నవ్వుకున్నా, నిజం చెప్పొద్దూ, అలాంటి అన్నం మళ్లీ తినలేదు.