కాకి ముట్టని ముద్ద

మనుషులు మూగి ఉన్నచోట కాకి దిగదు. పిండం ముట్టకపోవడానికి కారణం అంతే. డెబ్భైల్లో బెజవాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పే రోజుల్లో ఈ సంగతి మీద పిల్లల ముందు ఎన్ని వేళాకోళాలు ఆడానో! అబ్బో, పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఆ రోజుల్లోనే మా తమ్ముడికి పచ్చకామెర్లు వచ్చాయి. ఇరవై మూడేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. భవానీపురంలో అమ్మా, నేనూ, వాడూ ఉండేవాళ్ళం. ఆస్పత్రిలో చేర్పించాను. మూడో రోజున నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, కొండపల్లి దగ్గర ఒకాయన మంత్రించి పసరు పోస్తాడంట. ఒక్కసారి తీసుకెళ్ళవా?" అన్నాడు.

"చదువుకున్నవాడివేనా నువ్వు? మంత్రాలకి కామెర్లు తగ్గితే ఈ డాక్టర్లంతా గోళ్ళు గిల్లుకోవడానికున్నారా?" అని కసిరాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ అడగలేదు. బస్సెక్కితే గంట దారి కూడా కాదు.

తొమ్మిదో రోజున పోయాడు. పసరు పోయించినా దక్కేవాడు కాదని డాక్టరుగారు చెప్పారు. అది నిజమని ఇప్పటికీ నమ్ముతాను.

పదో రోజు కర్మ నా చేతుల మీదుగానే జరిగింది. నాన్న లేడు, అమ్మ బతిమాలింది. కృష్ణ ఒడ్డున విస్తట్లో అన్నం ముద్ద పెట్టి అందరం పక్కకు జరిగాం. గోడ మీద రెండు కాకులు చూస్తున్నాయి గానీ దిగవు. పోయినవాడి కోరిక ఏదో మిగిలితే ఇలా జరుగుతుందనీ, తీరుస్తామని పైకి చెబితే ముడుతుందనీ మావాళ్ళ నమ్మకం. మేనమామ అందుకున్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, మీ అమ్మని మేం చూసుకుంటాంరా." కాకి కదల్లేదు.

"ఇంకా వెనక్కి జరగండి, మనల్ని చూసి బెదురుతున్నాయి" అన్నాను. చాలా దూరం జరిగాం. అరగంటైనా దిగలేదు.

ఆస్పత్రిలో వాడు అడిగిందీ, నేను కసిరిందీ విన్నది అమ్మ ఒక్కతే. "నువ్వు చెప్పరా. వాడు నీమీద అలిగాడు" అంది.

విస్తరి దగ్గరికెళ్ళి, "తమ్ముడూ, తప్పు నాదేరా. తీసుకెళ్ళాల్సింది" అన్నాను. వెనక్కొచ్చి, ఫిజిక్సు చెప్పేవాణ్ణి, ఆ కాకి కోసం ఎంత ఆశగా చూశానో!

ఒకటి దిగింది. గెంతుకుంటూ ముద్ద దాకా వచ్చి, ముట్టకుండా ఎగిరిపోయింది.

ముట్టి ఉంటే కాకతాళీయం అని కొట్టిపారేసేవాణ్ణి. ముట్టకపోతే ఏమనాలో నాకు తెలియలేదు. నమ్మనివాడు కూడా "ఏమో" అనాలా అని ఇప్పుడు కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఆస్పత్రిలో ఆ రోజు నేను "ఏమో, వెళ్దాం పద" అని ఉంటే తమ్ముడు బతికేవాడు కాదు. నా మీద కోపంతో మాత్రం పోయేవాడు కాదు.

అమ్మ నా భుజం పట్టుకుంది. "వినపడలేదేమోరా. ఇంకొంచెం గట్టిగా చెప్పు."

ఒడ్డంతా వినపడేలా, గొంతు పోయేదాకా చెప్పాను. చివరికి ఆ ముద్దని నేనే తీసుకెళ్ళి నీళ్ళలో వదిలాను.